మనకి సరిపోయే పని వెతుక్కోవడం ఎలా: హైదరాబాద్‌లోనే ఉండి, ఉన్న జాబ్ మానకుండా

పొద్దున ఏడింటికి అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే చేతిలో నాలుగైదు పాంప్లెట్లు పడతాయి, జావా, డెవాప్స్, పవర్ బీఐ, శాప్, ఇప్పుడైతే అన్నిటి పక్కనా ఏఐ అని కూడా ఉంటుంది. బీటెక్ అయ్యాక నేను సూర్యాపేట నుంచి వచ్చి అక్కడే హాస్టల్లో ఉండి టెస్టింగ్ కోర్సు చేశా, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకునే పని. ఎందుకు టెస్టింగ్ అంటే మా సీనియర్ అక్క అదే చేసింది, కోడింగ్ తక్కువ, జాబ్ తొందరగా వస్తుంది అంది, అంతే. జాబ్ వచ్చింది, నాలుగేళ్ళు చేశా. పని రాక కాదు, అప్రైజల్స్ బానే వచ్చేవి, కానీ ఆదివారం సాయంత్రం అయ్యేసరికి ఛాతీ మీద ఏదో బరువు పెట్టినట్టు ఉండేది, సోమవారం తలుచుకుంటే అన్నం సహించేది కాదు.

ఇప్పుడు టెక్నికల్ రైటింగ్‌లో ఉన్నా, అంటే సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వాడేవాళ్ళకి అర్థమయ్యేలా రాయడం. ఇటు రావడానికి నాకు దాదాపు ఏడాదిన్నర పట్టింది, ఆ ఏడాదిన్నరలో ఒక్క నెల కూడా జీతం ఆగలేదు. తర్వాత మా చెల్లి, పిన్ని కొడుకు, కాలేజీ జూనియర్లు అడిగినప్పుడల్లా ఇదే వరసలో చేయించా, కొందరు ఫీల్డ్ మారారు, ఒకరిద్దరికి అసలు మారాల్సిన అవసరమే లేదని తేలింది. అందుకే మొత్తం ఒక చోట రాస్తున్నా.

ఒక్క సంగతి ముందే చెప్తా. ప్రతి జాబ్‌కీ ఒక పేరు ఉంటుంది, ఒక రోజు ఉంటుంది. మనం పేరు చూసి చేరతాం, చేరాక బతికేది ఆ రోజుని. డేటా సైంటిస్ట్ అన్న పేరు బాగుంటుంది, ఆ మనిషి మంగళవారం పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు వరకు ఏం చేస్తాడో ఎవరూ చెప్పరు. కింద చెప్పేదంతా ఆ మంగళవారాన్ని ముందే చూసుకోవడానికే.

స్టెప్ 1: రెండు వారాలు రాసి పెట్టండి

ఒక నోట్‌బుక్ కొనండి, ఫోన్‌లో రాయొద్దు, ఫోన్ తీస్తే వాట్సాప్‌లోకి పోతాం. రోజూ పడుకునే ముందు పది నిమిషాలు, ఆ రోజు చేసిన పనులు ఒక్కోటి ఒక్కో లైన్‌లో రాసి పక్కన టిక్కో క్రాసో పెట్టండి. టైం తెలీకుండా గడిచిపోతే టిక్, గడియారం చూసుకుంటూ కూర్చుంటే క్రాస్. జాబ్ లేనివాళ్ళు, చదువుకుంటున్నవాళ్ళు కూడా ఇంట్లో పనులతో, కాలేజీ పనులతో ఇదే చేయొచ్చు.

నా నోట్‌బుక్‌లో రిగ్రెషన్ టెస్టింగ్, అంటే ఏదైనా మార్చినప్పుడల్లా పాతవన్నీ మళ్ళీ చెక్ చేయడం, ఉన్న రోజులన్నీ క్రాస్‌లే. బగ్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పు) ఎక్కడ ఎలా వస్తుందో డెవలపర్ మళ్ళీ అడగాల్సిన పని లేకుండా విడమర్చి రాసిన రోజులు టిక్. కొత్తగా చేరినవాళ్ళకి కేటీ ఇచ్చినవి, అంటే పని నేర్పినవి, టిక్. రిలీజ్ నోట్స్, అంటే కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే కాగితం, రాయమంటే టీమ్‌లో అందరూ తప్పించుకునేవాళ్ళు, నాకు అది కూడా టిక్. నాలుగేళ్ళుగా నా ఎదురుగానే ఉంది ఇది, కాగితం మీద చూసేదాకా కనిపించలేదు.

ఇక్కడే ఇంకో పని చేయాలి, దీన్ని మాత్రం వదిలేయకండి. ప్రతి క్రాస్ పక్కన కారణం ఒక్క మాటలో రాయండి: పని, మనిషి, రోడ్డు. పని అంటే చేసే పనే నచ్చలేదు. మనిషి అంటే మేనేజరో టీమో క్లయింటో. రోడ్డు అంటే ట్రావెల్, షిఫ్ట్, నిద్ర, తిండి. ఎందుకు ఇంత ఒత్తి చెప్తున్నా అంటే ఈ మూడింటికీ మందు వేరు వేరు, ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే డబ్బూ టైమూ రెండూ పోతాయి. నా కొలీగ్ ఒకతను ఎల్బీ నగర్ నుంచి నానక్‌రామ్‌గూడ వచ్చేవాడు, మెట్రోలో అమీర్‌పేట దగ్గర మారి రాయదుర్గం దాకా వచ్చి అక్కణ్ణుంచి మళ్ళీ ఆటో, రానూ పోనూ మూడు గంటల పైనే. అతను కూడా ఫీల్డ్ మారతా అని ఒక కోర్సుకి డబ్బు కట్టేశాడు. నోట్‌బుక్ రాస్తే క్రాస్‌లలో ఎక్కువ శాతం రోడ్డే. కొండాపూర్‌లో ఇంకో ఇద్దరితో కలిసి ఫ్లాట్ తీసుకున్నాడు, ఇప్పటికీ అదే టీమ్‌లో హాయిగా ఉన్నాడు. మనిషి అని ఎక్కువొస్తే టీమ్ మారడమో కంపెనీ మారడమో చూడండి. పని అని ఎక్కువొస్తేనే కిందికి రండి.

స్టెప్ 2: మీకు ఏం వచ్చో మిమ్మల్ని కాదు, చుట్టుపక్కల వాళ్ళని అడగండి

మనకి సులువుగా వచ్చే పనిని మనం స్కిల్ కింద లెక్కే వేసుకోం, అందరికీ వస్తుందిలే అనుకుంటాం. రెజ్యూమెలో మాత్రం నేర్చుకోవడానికి కష్టపడ్డవే రాస్తాం. అందుకని ఒక ఐదుగురికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టండి, ఇంట్లో ఒకరు, పాత ఫ్రెండ్ ఒకరు, ఆఫీసులో ఇద్దరు, మీకన్నా చిన్నవాళ్ళు ఒకరు. ప్రశ్న ఒక్కటే: "ఏ పని పడితే నీకు ముందు నేను గుర్తొస్తా?"

మా పిన్ని కొడుకు బీకాం, టెలీకాలింగ్‌లో ఉండి రోజూ విసుక్కునేవాడు. వాడిని ఈ ప్రశ్న అడగమంటే ఐదుగురిలో నలుగురు ఒకే మాట అన్నారు, పెళ్ళి పనులు. ఎన్ని ప్లేట్లు చెప్పాలి, టెంట్ హౌస్ వాడు ఎప్పుడు రావాలి, మూడో బంతికి పెరుగు సరిపోతుందా, ఎవరిని స్టేషన్ నుంచి ఎవరు తీసుకురావాలి, ఇవన్నీ వాడి తలలోనే ఉంటాయి, మా ఇంట్లో ఏ ఫంక్షన్ అయినా మామయ్య వాడికే ఫోన్ చేస్తాడు. వాడికి మాత్రం అది పని అనే తోచలేదు. ఇప్పుడు శంషాబాద్ దగ్గర ఒక వేర్‌హౌస్‌లో డిస్పాచ్ చూస్తున్నాడు, ఏ లారీ ఎప్పుడు వస్తుంది, ఏ సరుకు ముందు వెళ్ళాలి, అదే తల అదే పని, కాకపోతే ఇప్పుడు జీతం ఇస్తున్నారు.

మార్కులని మాత్రం దీనికి వాడకండి. టెన్త్‌లో లెక్కల్లో మంచి మార్కులొస్తే ఎంపీసీ, ఎంపీసీ అయితే ఇంజనీరింగ్, మనలో చాలామంది ఇట్లాగే ఒక గేటు తర్వాత ఇంకో గేటు తోసుకుంటూ వచ్చేశాం. మార్కులు వచ్చాయంటే ఆ సబ్జెక్ట్ అర్థమైందని, అంతవరకే. రోజుకి ఎనిమిది గంటలు దాంతో ఉండాలని ఉందా అన్నది మనల్ని ఎవరూ అడగలేదు, మనమే అడుక్కోవాలి.

స్టెప్ 3: ఇంట్రెస్ట్ టెస్ట్ ఒకటి ఫ్రీగా రాయండి

జాన్ హాలండ్ అని అమెరికన్ సైకాలజిస్ట్ 1959లో ఒక సిద్ధాంతం చెప్పాడు, మనుషుల ఇష్టాలనీ పనులనీ ఆరు రకాలుగా చూడొచ్చని. చేతులతో, మెషిన్లతో చేసేవి ఒకటి. ఎందుకిలా జరిగిందని కారణం వెతికేవి రెండు. రాయడం, గీయడం, కొత్తగా చేయడం మూడు. మనుషులకి నేర్పడం, సాయపడటం నాలుగు. అమ్మడం, ఒప్పించడం, నడిపించడం ఐదు. లెక్కలు, రికార్డులు, పద్ధతిగా పెట్టడం ఆరు. ఎవరిలోనూ ఒక్కటే ఉండదు, రెండు మూడు కలిసి ఉంటాయి. నాకు మూడు, నాలుగు, రెండు వచ్చాయి, టెస్టింగ్‌లో రోజూ చేసేది ఎక్కువగా ఆరు.

దీని మీద కట్టిన టెస్టే ఓనెట్ ఇంట్రెస్ట్ ప్రొఫైలర్, అమెరికా కార్మిక శాఖ వాళ్ళది, ఆన్‌లైన్‌లో ఫ్రీ, 60 ప్రశ్నలు, పావుగంట చాలు. ఇంగ్లీషులో ఉంటుంది కానీ ప్రశ్నలు చిన్నవే, ఈ పని చేయడం ఇష్టమా కాదా అంతే. ఎంత జీతం వస్తుంది, నాకు అంత చదువుందా అని ఆలోచించకుండా జవాబు పెట్టండి. చివర్లో వచ్చే జాబ్ పేర్లు అమెరికా లెక్కవి, వాటిని అట్లాగే పట్టుకోకుండా మీ మూడు రకాలు ఏవో రాసుకుని నోట్‌బుక్‌లోని టిక్కులతో కలిపి చూడండి. రెండూ ఒకే వైపు చూపిస్తుంటే మంచి సూచన, వేరుగా ఉంటే నోట్‌బుక్‌నే నమ్మండి, అది మీరు నిజంగా గడిపిన రోజు.

పిల్లల వేలిముద్రలు తీసుకుని మీ బాబు డాక్టరా ఇంజనీరా చెప్తాం అని వేలకి వేలు తీసుకునేవాళ్ళు ఉన్నారు, డీఎంఐటీ అంటారు. దానికి సైన్స్ ఆధారం లేదు. దయచేసి కట్టొద్దు, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్నవాళ్ళు ఇంట్లో కూడా చెప్పండి.

స్టెప్ 4: ఆరేడు పనులు రాసుకుని వాటి రోజు చూసి రండి

అన్నిటికన్నా ఎక్కువ టైం దీనికి పెట్టండి.

ముందు లిస్ట్. హైదరాబాద్‌లో పని అంటే మన కళ్ళకి హైటెక్ సిటీ ఒక్కటే ఆనుతుంది. సైబర్ టవర్స్ వచ్చింది 1998లో, అంతకు ముందు కూడా ఈ ఊళ్ళో జనం పని చేశారు, ఇప్పుడూ చేస్తున్నారు. బైపీసీ చదివి డాక్టర్ సీటు రాలేదని బాధపడే పిల్లలు ఒక్కసారి శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ చూడాలి, పటాన్‌చెరు, జీడిమెట్ల ఫార్మా కంపెనీలు చూడాలి, క్వాలిటీ కంట్రోల్, మందులకి అనుమతుల పని చూసే రెగ్యులేటరీ అఫైర్స్, మందుల సైడ్ ఎఫెక్ట్స్ రికార్డ్ చేసే ఫార్మకోవిజిలెన్స్, జబ్బులకీ చికిత్సలకీ కోడ్‌లు వేసే మెడికల్ కోడింగ్, ఇవన్నీ వేరు వేరు ఉద్యోగాలు, వేరు వేరు మనస్తత్వాలకి సరిపోతాయి. చేతులతో చేయడం ఇష్టం ఉన్నవాళ్ళకి బాలానగర్‌లో టూల్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1968 నుంచి ఉంది, మా కజిన్ ఒకడు బీటెక్ మెకానికల్ చేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరబోతూ అక్కడికెళ్ళి మెషిన్లు చూసి ఆగిపోయాడు. కొత్త వస్తువులు తయారు చేసే పిచ్చి ఉన్నవాళ్ళకి రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది. డిజైన్ అంటే మాదాపూర్ నిఫ్ట్, మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ. లా వైపు మనసుంటే ఏ డిగ్రీ చేసినవాళ్ళైనా లాసెట్ (లా ఎంట్రన్స్) రాసి మూడేళ్ళ కోర్సులో చేరొచ్చు.

లిస్ట్ అయ్యాక ఒక్కో పనికి కనీసం ఇద్దరు మనుషులు కావాలి, ఆ పని నిజంగా చేస్తున్నవాళ్ళు. వీళ్ళు దొరకరు అనుకుంటాం కానీ దొరుకుతారు. లింక్డిన్‌లో మీ కాలేజీ పేజీకి వెళ్తే అలమ్నై అని ఉంటుంది, మీ కాలేజీలో చదివి ఏ పనిలో ఎవరెవరు ఉన్నారో వెతకొచ్చు. నేను పంపిన మెసేజ్ ఇది, కావాలంటే వాడుకోండి:

"నమస్తే అన్నా, నేను మన కాలేజీ ఈసీఈ, మీకు నాలుగేళ్ళు జూనియర్. ఇప్పుడు టెస్టింగ్‌లో ఉన్నా. మీరు చేసే పని ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది. జాబ్ అడగడానికి కాదు, రెఫరల్ కూడా వద్దు. ఒక పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడొచ్చా? మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు చెప్పండి."

పదిమందికి పంపితే నాకు నలుగురు జవాబిచ్చారు, అందులో ఒక అక్క అయితే కలుద్దాం రా అంది, సికింద్రాబాద్‌లో ఇరానీ కేఫ్‌లో గంటన్నర కూర్చుని మాట్లాడింది, టెక్నికల్ రైటింగ్ అనే ఉద్యోగం ఒకటుందని నాకు పూర్తిగా అర్థమైంది ఆ రోజే. రెఫరల్ వద్దు అన్న మాట నిజంగానే పాటించండి, ఆ కాల్‌లో అడగొద్దు, వాళ్ళంతట వాళ్ళు చెప్తే వేరే.

అడగాల్సినవి: మొన్న మంగళవారం ఆఫీసుకొచ్చిన దగ్గర్నుంచి ఇంటికెళ్ళే దాకా వరసగా ఏం చేశారు? (మీ రోల్ ఏంటి అని అడిగితే జాబ్ డిస్క్రిప్షన్ చెప్తారు, మంగళవారం అడిగితే నిజం చెప్తారు.) ఈ పనిలో ఎవరూ బయటకి చెప్పని విసుగు ఏంటి? మీతో పాటు చేరి మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు? మొదట జీతం ఎంత, ఐదేళ్ళకి మామూలుగా ఎంత అవుతుంది? మీరే ఇప్పుడు ఫ్రెషర్ అయితే ఇందులోకి ఎటు నుంచి వస్తారు? విసుగు గురించిన జవాబుని జాగ్రత్తగా వినండి. ప్రతి పనిలో విసుగు ఉంటుంది, ఆ విసుగు మీరు భరించగలిగిందేనా అన్నదే చూడాలి. నాకు ఆ అక్క చెప్పింది, ఒక్కో పేజీకి ఏడెనిమిది సార్లు కరెక్షన్లు వస్తాయి, ఒక్కోసారి రిలీజ్ ముందు రోజు స్క్రీన్లన్నీ మార్చేస్తారు, మళ్ళీ మొదటి నుంచి రాయాలి అని. వింటుంటే నాకు భయమేయలేదు, అప్పుడే కొంచెం నమ్మకం కుదిరింది.

స్టెప్ 5: మూడు నెలలు, తక్కువ ఖర్చుతో చేసి చూడండి

విన్నది ఒకటి, చేతులతో చేసింది ఒకటి. లిస్ట్‌లోంచి ఒకటీ రెండూ మిగిలాక శనాదివారాల్లో చిన్నగా చేసి చూడండి. ముందే రెండు గీతలు గీసుకోండి, ఎన్ని వారాలు, ఎన్ని రూపాయలు. నేను పన్నెండు వారాలు, ఐదు వేలు అనుకున్నా. ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టలేషన్ గైడ్ అస్తవ్యస్తంగా ఉంటే దాన్ని తిరగరాసి పంపా, మూడు సార్లు వెనక్కి పంపారు, నాలుగోసారి తీసుకున్నారు. తర్వాత ఇంటర్వ్యూలో అడిగింది మొత్తం దాని గురించే, నా నాలుగేళ్ళ టెస్టింగ్ గురించి పది నిమిషాలు కూడా అడగలేదు.

మా ఫ్రెండ్ ఒకమ్మాయికి బేకింగ్ ప్రాణం, జాబ్ మానేసి బేకరీ పెడతా అంది. ముందు రెండు నెలలు వీకెండ్స్ వేరేవాళ్ళ బేకరీలో ఊరికే పని చెయ్యి అన్నాం. కేకు చేసే టైం కన్నా సరుకు లెక్క, గిన్నెలు, మిగిలిపోయినవి ఏం చేయాలన్న గోల, పనివాళ్ళు రాని రోజుల హైరానా ఎక్కువని తెలిసింది. ఆర్డర్ల మీద ఇంట్లోనే కేకులు చేస్తూ జాబ్‌లోనే ఉండిపోయింది, తృప్తిగా ఉంది, అప్పు లేదు.

నేర్చుకోవడానికైతే ముందు ఫ్రీవి వాడండి. ఎన్‌పీటెల్, స్వయం అని ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల్లో పాఠాలు ఫ్రీ, సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష ఫీజు. ఇంట్లో చదువు సాగకపోతే చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళండి, పొద్దున్నే వెళ్తే చోటు దొరుకుతుంది. డిగ్రీ మధ్యలో ఆగిపోయినవాళ్ళకి 1982 నుంచి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది, జాబ్ చేస్తూనే పూర్తి చేయొచ్చు. డిగ్రీ, డిప్లొమా కొత్తగా అయినవాళ్ళు గవర్నమెంట్ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు రాయించుకుంటే స్టైపెండ్ తీసుకుంటూ పని లోపలి నుంచి చూడొచ్చు. అమీర్‌పేటలో చేరేదైతే రెండు మూడు చోట్ల డెమో క్లాసులు కూర్చుని, ఫీజు మొత్తం ఒకేసారి కట్టకుండా చేరండి, పోయిన బ్యాచ్‌లో ఇద్దరి నంబర్లు అడిగి వాళ్ళతో మాట్లాడండి.

ఇంకొకటి, బ్యాక్‌డోర్ జాబ్‌లు, అంటే ఎవరికో డబ్బు కట్టి తెచ్చుకునేవి. నా హాస్టల్ రూమ్మేట్ ఒక కన్సల్టెన్సీకి లక్షన్నర కట్టింది, వాళ్ళ నాన్న చిట్టీ పాడి పంపిన డబ్బు అది. ఆఫర్ లెటర్ వచ్చింది, ఆఫీసుకి వెళ్తే ఆ పేరుతో ఎవరినీ తీసుకోలేదన్నారు. ఫోన్లు ఆగిపోయాయి. జాబ్ ఇప్పిస్తా అని డబ్బు అడిగితే ఆ నిమిషంలోనే లేచి వచ్చేయండి. దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోవడం కూడా వద్దు, పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఎక్కడ ఎన్నాళ్ళు చేశారో కనిపిస్తుంది, వెరిఫికేషన్‌లో దొరికితే ఉన్నది కూడా పోతుంది.

స్టెప్ 6: డబ్బు లెక్క

మారితే మొదట జీతం తగ్గొచ్చు, నాకు తగ్గింది. నెల ఖర్చు రాయండి, రూమ్ రెంట్, ఈఎంఐ, ఇంటికి పంపేది, చిట్టీ. దానికి ఆరు రెట్లు బ్యాంకులో కనపడే దాకా రాజీనామా మాట ఎత్తొద్దు. పీఎఫ్ డ్రా చేయకండి, కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేయండి, ఐదేళ్ళ సర్వీస్ నిండకుండా తీస్తే టాక్స్ కూడా పడుతుంది. ఐదేళ్ళకి కొన్ని నెలలే తక్కువుంటే గ్రాట్యుటీ (సర్వీస్‌కి కంపెనీ ఇచ్చే మొత్తం) సంగతి హెచ్‌ఆర్‌ని అడిగి అప్పుడు డేట్ పెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలు ఉంటే జాబ్ మానగానే అది పోతుంది. మధ్యలో గ్యాప్ ఉండేటట్టుంటే వాళ్ళకి వేరే పాలసీ ముందే తీసి పెట్టండి, బీపీ షుగర్ ఉన్నవాళ్ళకి కొత్త పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది కాబట్టి ఎంత ముందు తీస్తే అంత మేలు.

గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళకి ఒక మాట. అశోక్‌నగర్ రూముల్లో నాకు తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ కష్టం చూశా. మీరు కూడా మంగళవారం ప్రశ్న అడగండి, ఒక డిప్యూటీ తహసీల్దార్‌నో ఎంపీడీవోనో కలిసి వాళ్ళ రోజు చూడండి. ఎన్ని అటెంప్ట్‌లు ఇస్తారో ఇప్పుడే, ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసుకుని ఇంట్లో ఒకరికి చెప్పండి. నోటిఫికేషన్ వాయిదా పడిన రోజున ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరి వల్లా కాదు.

స్టెప్ 7: ఇంట్లో చెప్పడం

నేను మొదటిసారి చెప్పినప్పుడు తప్పుగా చెప్పా. నాన్నా, ఈ జాబ్ నాకు నచ్చట్లేదు అన్నా. నాన్నకి అందులో వినపడింది జాబ్ పోయిందని. అమ్మ వెంటనే సంబంధాల వాళ్ళకి ఏం చెప్పాలి అంది. వాళ్ళ భయం ఉత్తది కాదు, రెండెకరాల మీద వచ్చినదాంతో నన్ను చదివించారు, నెలనెలా వచ్చే జీతం వాళ్ళకి ఎంత ధైర్యమో నాకు తెలుసు. రెండోసారి ఎనిమిది నెలల తర్వాత ఒక కాగితం తీసుకుని వెళ్ళా. నేను ఎక్కడికి మారుతున్నా, అందులో ఉన్నవాళ్ళు ఎంత సంపాదిస్తున్నారు, బ్యాంకులో ఎంత ఉంది, ఏడాదిలో కుదరకపోతే మళ్ళీ టెస్టింగ్‌లోకి ఎలా వస్తా. నాన్న కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, ఆ చివరి లైన్ మీద వేలు పెట్టి ఇది నిజమేనా అని ఒక్కటే అడిగారు. నిజమే అన్నా. మరి చెయ్ అన్నారు. వెనక్కి వచ్చే దారి ఒకటుందని చూపిస్తే ఇంట్లోవాళ్ళు ముందుకి పంపుతారు, కాబట్టి ఆ లైన్ రాయకుండా వెళ్ళకండి.

స్టెప్ 8: ముందు మీ కంపెనీలోనే అడగండి

బయట వెతికే ముందు ఇంటర్నల్ ట్రాన్స్‌ఫర్ ఉందేమో చూడండి. మీ డొమైన్ తెలుసు, మిమ్మల్ని చూశారు, జీతం తగ్గదు, రెండు మూడు నెలల నోటీస్ పీరియడ్ బాధ కూడా ఉండదు. నాకు మా కంపెనీలో ఓపెనింగ్ లేదు, బయట దొరకడానికి ఐదు నెలలు పట్టింది, పదకొండు ఇంటర్వ్యూలు. రాజీనామా ఎప్పుడూ ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే.

చేరాక మూడో నెల్లో మళ్ళీ అదే నోట్‌బుక్ తీసి రెండు వారాలు రాయండి. నాకు ఈసారి ఎక్కువ టిక్కులే వచ్చాయి, శుక్రవారం రివ్యూ మీటింగులు మాత్రం క్రాస్, పక్కన మనిషి అని రాసుంది. గురువారం మధ్యాహ్నానికే డ్రాఫ్ట్ పంపేసి కామెంట్లు ముందే రాయించుకోవడం మొదలుపెట్టా, ఇప్పుడు ఆ మీటింగ్ ఇరవై నిమిషాల్లో అయిపోతోంది.